చైర్మన్ గారింట్లో కదలిక

గుట్టకింది కాలనీ చరిత్రలో నిలిచిపోయే నిర్ణయాన్ని మా జగదీశ్వర్ గారు సోమవారం పొద్దున పదకొండు గంటలకు, తన ఇంటి మెట్ల మీద నిలబడి, ఐదుగురు విలేకరుల సమక్షంలో ప్రకటించారు. ఆయన తన ఇంటి హాల్లో కెమెరా పెట్టించుకోబోతున్నారు. అది మామూలు కెమెరా కాదు. ఇంట్లో ఏది కదిలినా పసిగట్టి, ఆ క్షణంలోనే ఫోనుకు హెచ్చరిక పంపే కెమెరా.

"ఇది నా ఇల్లు కాదు, ప్రజల ఇల్లు," అన్నారాయన. "ప్రజల ఇంటికి కాపలా పెట్టుడు నా బాధ్యత."

విలేకరులు రాసుకున్నారు. అందులో ఒకాయన కొత్తవాడు. "ఇల్లు ఎవరి పేరు మీద ఉంది సార్?" అని అడిగాడు. "మా ఇంటామె పేరు మీద," అన్నారు జగదీశ్వర్ గారు. దాపరికం ఎరగని మనిషి.

నా గురించి కూడా పాఠకులకు చెప్పాలి. నా పేరు శాంతిరాజ్. బొగ్గు గనుల ఆఫీసులో ముప్పైమూడేళ్లు డిస్పాచ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. వచ్చిన కాగితానికి ఒక నంబరు, పోయే కాగితానికి ఒక నంబరు వేయడం నాకు వచ్చిన విద్య. ఆ విద్యను గుర్తించి జగదీశ్వర్ గారు నన్ను తమ బ్లాస్టింగ్ పరిశీలన కమిటీకి కార్యదర్శిని చేశారు. కమిటీకి ఆయనే చైర్మన్. ఆయన ప్రెస్ నోట్లు కూడా నేనే రాస్తాను. కాబట్టి ఇందులో ఎక్కడైనా పొగడ్త కనబడితే అది చేతి అలవాటు అనుకోవాలి.

మా కాలనీ ఓపెన్‌కాస్టు గనికి కూతవేటు దూరంలో ఉంటుంది. అక్కడ మట్టి తీసే కాంట్రాక్టరు రోజూ మధ్యాహ్నం బండలు పేలుస్తాడు. రెండింటికి సైరన్ మోగుతుంది. మోగగానే మేమంతా ఇళ్లు వదిలి రోడ్డు మీదికి రావాలి. తింటున్నవాళ్లు కంచాలతో వస్తారు, తల దువ్వుకుంటున్నవాళ్లు దువ్వెనతో వస్తారు. పది నిమిషాలకు ఢామ్మని పేలుతుంది, కాళ్ల కింద నేల ఉలిక్కిపడుతుంది, రెండో సైరన్ మోగుతుంది, లోపలికి పోతాం. ఇది ఎంత అలవాటైందంటే మా ఆడవాళ్లు చీటీ పాటలు, పెళ్లి సంబంధాలు కూడా ఆ పావుగంటలోనే తేల్చుకుంటారు.

ఈ పేలుళ్లకు ఇళ్లు కదులుతున్నాయా లేదా తేల్చడం మా కమిటీ పని. నెలకొకసారి ఒక ఇంట్లో బల్ల వేసి, దాని మీద నిండా నీళ్లు పోసిన గ్లాసు పెట్టి, చుట్టూ కూర్చుని గంటసేపు చూస్తాం. నీళ్లు తొణికితే కదలిక ఉన్నట్టు. మెంబర్లందరికీ డ్యూటీలుంటాయి కాబట్టి ఈ పరీక్ష ఆదివారం పెట్టుకుంటాం. ఆదివారం గనికి ప్లేడే, అంటే సెలవు. ఆ రోజు బ్లాస్టింగ్ ఉండదు. మూడేళ్లలో ముప్పైఆరు గ్లాసులు పెట్టాం, ఒక్క చుక్క తొణకలేదు. ముప్పైఆరు నివేదికల్లోనూ జగదీశ్వర్ గారు "కదలిక లేదు" అని రాసి సంతకం చేశారు. ఆయన టిప్పర్లు రెండు ఆ కాంట్రాక్టరు దగ్గరే నడుస్తాయి. అది వేరే విషయం.

ఆ సోమవారం ప్రెస్‌మీట్ ముగుస్తుండగా సమ్మవ్వ వచ్చింది. చేతిలో కాగితం ఉంది. అది ఆమె పన్నెండో అర్జీ.

సమ్మవ్వ ఇల్లు జగదీశ్వర్ గారి ఇంటికి ఆనుకునే ఉంటుంది. ఆయనది రెండంతస్తులు, ఆమెది పెంకుటిల్లు. ఆమె పెనిమిటి లింగమూర్తి ముప్పైఏళ్లు అండర్‌గ్రౌండులో పనిచేశాడు. బొగ్గు పొడి ఊపిరితిత్తుల్లో చేరి ఇప్పుడు నాలుగడుగులు వేయలేడు. ఆయన మంచం ఏ గోడ పక్కన ఉందో ఆ గోడకే కింది నుంచి పై దాకా అరచెయ్యి పట్టేంత పగులు ఉంది. సైరన్ మోగినప్పుడల్లా సమ్మవ్వ ఒకవైపు, మాలో ఎవరో ఒకరు ఇంకోవైపు పట్టుకుని ఆయనను మంచంతో సహా రోడ్డు మీదికి తెస్తాం. ఆమె ఇంట్లో కదలిక ఉందని కమిటీ ఒక్క ముక్క రాస్తే ఇల్లు బ్లాస్టింగ్ బాధిత గృహాల జాబితాలోకి ఎక్కుతుంది, కొత్త కాలనీలో ఇంకో ఇల్లు ఇస్తారు. వానలు పడకముందే ఆ ముక్క రాయాలని ఆమె కోరిక.

"జగదీశ్వరూ, గోడ ఇయ్యాల్నో రేపో అన్నట్టున్నది బిడ్డా," అంది సమ్మవ్వ. "నా ముసలాయన లేవలేడు. జర రాయి."

"కదలిక ఉంటె రాయనా అవ్వా?" జగదీశ్వర్ గారు విలేకరుల వైపు తిరిగారు. "లేని కదలిక ఎట్ల రాయాలె? రేపు దేవుడు అడుగడా?"

విలేకరులు ఇది కూడా రాసుకున్నారు. నేను అర్జీ తీసుకుని నంబరు వేశాను.

కెమెరా ఎంపిక గాలివాటుగా జరగలేదు. ఆ పూటే గోదావరిఖని నుంచి వీరేందర్ అనే కెమెరాల షాపతను మూడు డబ్బాలు పట్టుకుని వచ్చాడు. హాల్లో ఎంపిక కమిటీ కూర్చుంది. ఎంపిక కమిటీ అంటే జగదీశ్వర్ గారు, వారి ఇంటామె, నేను.

వీరేందర్ మొదటి డబ్బా విప్పాడు. "అన్నా, ఇది ఉత్త రికార్డింగే. దొంగ వచ్చి పోయినంక మనం కూసోని చూసుకోవాలె."

"అంత అయిపోయినంక చూసుడు మా కమిటీకే వచ్చు. దానికి కెమెరా ఎందుకు? ఇంకోటి చూపెట్టు."

రెండోది గుండ్రంగా, ముద్దుగా ఉంది. "ఇది మనిషి ఎటు పోతె అటు మర్లుతది అన్నా."

జగదీశ్వర్ గారు దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూశారు. "అట్ల మర్లెటోళ్లు మా పార్టీల మస్తుమంది ఉన్నరు. వద్దు."

మూడోదాన్ని వీరేందర్ రెండు చేతులతో పట్టుకుని బయటికి తీశాడు. "ఇది కదలిక పట్టే కెమెరా. చీమ చిటుక్కుమన్నా ఫోన్‌కు అలర్ట్ వస్తది, పది సెకండ్ల వీడియో వస్తది. వీడియోలు కార్డుల దాచుకోవచ్చు, లేకుంటె క్లౌడ్ల దాచుకోవచ్చు."

"క్లౌడ్ అంటె?"

"పైన ఉంటది అన్నా."

"పైన అంటె హైదరాబాదా, ఢిల్లీయా?"

"ఇంక పైన."

"అయితె అసలే వద్దు," అన్నారు జగదీశ్వర్ గారు. "నా ఇంటి ముచ్చట నాకు తెల్వకుంట పైకి పోవద్దు. కార్డు పెట్టు."

తర్వాత పరీక్ష జరిగింది. కెమెరాను అలమర మీద పెట్టి, జగదీశ్వర్ గారు హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచారు. ఫోను మోగింది. మళ్లీ నడిచారు, మళ్లీ మోగింది. పద్నాలుగుసార్లు నడిచి, పద్నాలుగుసార్లు మోగాక ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూసినవా కాకా," అన్నారు నా వైపు తిరిగి, "నన్ను గుర్తువట్టింది."

"గుర్తువట్టదన్నా," అన్నాడు వీరేందర్. "ఏది కదిలినా దానికి ఒక్కటే."

"అంటె నేనూ పిల్లీ ఒక్కటేనా?"

"కెమెరాకు ఒక్కటేనన్నా."

ఈ మాటను నేను మినిట్స్‌లో రాయలేదు.

"ఎంత సున్నితం పెట్టాలె?" అని అడిగాడు వీరేందర్. "లో, మీడియం, హై ఉన్నయి. ఇండ్లకు మీడియం సాలు. హై పెడితె పరదా ఊగినా మోగుతది."

"రామకృష్ణాపూర్ల రఘుపతి ఇంటికి ఏం పెట్టినవ్?"

రఘుపతి గారు పార్టీలో వీరికి పోటీ. వచ్చే పదవి వారికా వీరికా అని నడుస్తోంది. "మీడియం అన్నా," అన్నాడు వీరేందర్.

"మాకు హై పెట్టు."

ఇంక రెండు విషయాలు మిగిలాయి. ఇంట్లో మనుషులు తిరుగుతున్నప్పుడు కెమెరా ఆపేసుకోవాలని, ఇంట్లో ఎవరూ లేనప్పుడే ఫోనులో బటన్ నొక్కి ఆన్ చేసుకోవాలని వీరేందర్ చెప్పాడు. "ఇంట్ల ఎవ్వలు లేకుండ ఉండేది సైరన్ అప్పుడే గద," అన్నారు ఇంటామె. ఆ పావుగంటకే కెమెరా అని తీర్మానం అయింది. రెండోది, హెచ్చరిక ఫోనుకే కాక మెయిలుకు కూడా పోవాలట. జగదీశ్వర్ గారికి మెయిళ్లు నాలుగున్నాయి, ఒక్కదానికీ పాస్‌వర్డ్ గుర్తులేదు. ఆయన నా వైపు చూశారు. నాకు పాస్‌వర్డ్ తెలిసిన మెయిల్ ఒకటే ఉంది. అది మా కమిటీకి ప్రజలు ఫిర్యాదులు పంపుకోవడానికి పెట్టింది. వీరేందర్ దాన్నే ఎక్కించాడు.

ఆ మెయిల్ గొప్పతనం పాఠకులకు తెలియాలి. దానికి ఏది వచ్చినా మనిషి ప్రమేయం లేకుండా ఫిర్యాదు నంబరు పడి, ఒక కాపీ నేరుగా జిల్లా ఆఫీసుకు పోతుంది. రెండేళ్ల కింద రిబ్బను కత్తిరించి ప్రారంభించారు. మా కాలనీవాళ్లు కాగితాలే తెస్తారు కాబట్టి దానికి ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు.

"చైర్మన్ సాబ్, దానికి ఏది వచ్చినా జిల్లా ఆఫీసుకు..." అని మొదలుపెట్టాను. అంతలో బయటి నుంచి విలేకరులు ఫొటోకు పిలిచారు. ఆయన కెమెరాను ఎత్తి పట్టుకున్నారు. నేను కూడా ఫొటోలో పడ్డాను. "సున్నిత మనస్కుడైన నాయకుడు, అంతకంటే సున్నితమైన కెమెరా" అని శీర్షిక నేనే ఇచ్చాను.

మర్నాడు రెండింటికి సైరన్ మోగింది. అందరం రోడ్డు మీదికి వచ్చాం. లింగమూర్తి మంచాన్ని ఆ రోజు నేనూ సమ్మవ్వా మోశాం. జగదీశ్వర్ గారు గడప దాటి, జనం చూస్తుండగా ఫోనులో బటన్ నొక్కారు. ఢామ్మంది. నేల ఉలిక్కిపడింది. వెంటనే ఆయన ఫోను కేక పెట్టింది.

"మీ ఇంట్లో కదలిక గుర్తించబడింది."

జగదీశ్వర్ గారు "దొంగ!" అని అరిచి లోపలికి ఉరికారు. వెనక మేం ఉరికాం. లోపల ఎవరూ లేరు. వీడియో చూశాం. సోఫా, టీవీ, గోడనిండా సన్మానాల ఫొటోలు, అలమరలో షీల్డులు. మూడు సెకండ్లు అన్నీ గజగజ వణికి, ఒక షీల్డు బోర్లా పడి, మళ్లీ అన్నీ సర్దుకున్నాయి. మనిషి జాడ లేదు.

సమ్మవ్వ కూడా తొంగి చూసింది. "దొంగ లేడు గింగ లేడు బిడ్డా. ఇల్లే ఊగుతాంది. మాది గూడ గిట్లనే ఊగుతాంది."

అందరికీ తెలిసిన సంగతే. పైకి చెప్పింది ఆమె ఒక్కతే.

"అవ్వా," అన్నారు జగదీశ్వర్ గారు ఓపికగా, "ఇల్లు ఊగదు. ఊగదని నేను ముప్పైఆరు సంతకాలు పెట్టిన."

సాయంత్రం నేను ప్రెస్ నోట్ రాశాను. ప్రజలంతా సైరన్‌కు బయట నిలబడిన సమయం కనిపెట్టి, కంటికి కనబడని దొంగల ముఠా ఒకటి కాలనీలో తిరుగుతోందని, చైర్మన్ గారు ప్రాణాలకు తెగించి వారిని వెంటాడారని అందులో ఉంది. మా ఇంటామె ఎలిజబెత్ అది చదివి, "మనింట్ల గిన్నెలు రోజు రెండు పదికి గలగలమంటయి. వాటిని గూడ ఆ ముఠాల రాయకపోయినవా?" అంది. ఆమెకు ప్రెస్ నోట్ల భాష తెలియదు.

ముఠా మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. సరిగ్గా రెండు గంటల పది నిమిషాలకు వస్తోంది, షీల్డులు పడేస్తోంది, ఏమీ తీసుకోకుండా పోతోంది. ఆదివారం మాత్రం రావడం లేదు. "దొంగలకు గూడ ప్లేడే ఉన్నట్టున్నది," అన్నారు జగదీశ్వర్ గారు ఆశ్చర్యపోయి.

రెండో వారంలో పోలీసులు కానిస్టేబుల్ జైపాల్‌ను పంపారు. సైరన్ మోగినా బయటికి రానవసరం లేదని జైపాల్‌కు కమిటీ తరఫున మినహాయింపు పత్రం ఇచ్చాను. అతను సోఫా వెనక కదలకుండా నక్కాడు. పేలుడు అయింది, ఫోను మోగింది, అందరం లోపలికి పోయాం. జైపాల్ సోఫా వెనక నుంచి లేచాడు. టోపీ మీద, భుజాల మీద తెల్లగా సున్నం పడి ఉంది.

"దొరికిండా?" అని అడిగారు జగదీశ్వర్ గారు.

"దొంగ రాలే సార్. ఇల్లే ఇటు వచ్చి అటు పోయింది."

"ఇల్లు ఎట్ల పోతది?"

"నాకేం ఎరుక సార్. నన్ను గూడ పట్టుకపోయింది."

జైపాల్‌కు బీపీ ఉందేమోనని దవాఖానకు పంపారు. వీరేందర్‌ను మళ్లీ పిలిపించారు. అతను వీడియోలన్నీ చూసి తల గోక్కున్నాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు.

"లో పెడ్దామా అన్నా?"

"రఘుపతి కంటె తక్కువనా?"

"పోనీ, రెండింటి నుంచి రెండున్నర దాక బంద్ పెడ్దాం."

"దొంగ వచ్చే టైముకే కెమెరా బంద్ పెట్టుమంటున్నవ్. దొంగ నీకేమైతడు?"

వీరేందర్ తన సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

ఇలా నలభై రోజులు నడిచింది. నలభైయొకటో రోజు జిల్లా ఆఫీసు నుంచి కవరు వచ్చింది. నేనే నంబరు వేసి, నేనే విప్పి, జగదీశ్వర్ గారికి చదివి వినిపించాను. గుట్టకింది కాలనీ కమిటీకి మొట్టమొదటిసారి మెయిల్ ద్వారా ఫిర్యాదులు అందాయని, అవి మొత్తం ముప్పైనాలుగని, అన్నీ ఒకే ఇంటి నుంచి వచ్చాయని, ఫిర్యాదుదారు శ్రీ జగదీశ్వర్, చైర్మన్ అని, ఫిర్యాదు "మీ ఇంట్లో కదలిక" అని, సమయం బ్లాస్టింగ్ సమయంతో నిమిషం తేడా లేకుండా సరిపోతోందని అందులో రాశారు. తన ఇంటి మీద తనే ఫిర్యాదు చేసుకున్న చైర్మన్ నిజాయితీని అభినందిస్తూ, తనిఖీకి అధికారిని పంపుతున్నామని ముగించారు.

జగదీశ్వర్ గారు కుర్చీలో కూలబడ్డారు. ఇంటామె మంచినీళ్లు తెచ్చారు.

"కాకా, ఇవి వాపస్ తీసుకోవచ్చునా?"

"తీసుకోవచ్చు చైర్మన్ సాబ్. ఒక్కొక్కదానికి 'నా ఇంట్ల కదలిక లేదు, తప్పుడు ఫిర్యాదు ఇచ్చిన' అని రాసి సంతకం పెట్టాలె. ముప్పైనాలుగు సంతకాలు."

"పెట్టకుంటె?"

"మీ ఇల్లు జాబితాల ఎక్కుతది. కొత్త కాలనీల మీకు ఇల్లు ఇస్తరు."

ఆయన నీళ్లు తాగారు. గ్లాసు కింద పెట్టారు. నాయకుడి మనసులో మథనం జరుగుతుంటే పక్కనుండి చూసే భాగ్యం అందరికీ దొరకదు.

"కాకా," అన్నారు చివరికి, "ప్రెస్సోళ్లను పిలువు."

మళ్లీ అవే మెట్లు, మళ్లీ ఐదుగురు విలేకరులు. "మూడేండ్ల సంది నా ఇల్లు ఊగుతున్నది," అన్నారు జగదీశ్వర్ గారు. "చెప్తె ప్రజలు భయపడ్తరని పండ్ల బిగువున ఓర్చుకున్న. నా ఇల్లు కదిలినా నేను కదల్లే."

"మరి ఆ ముప్పైఆరు నివేదికలు సార్?" అన్నాడు కొత్త విలేకరి.

"అవి ప్రజల ఇండ్ల గురించి. ఇది నా ఇంటి గురించి."

తనిఖీ అధికారి ఆదివారం వచ్చారు. గ్లాసు పెట్టారు. నీళ్లు తొణకలేదు. కానీ ముప్పైనాలుగు ఫిర్యాదులు కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి ఇల్లు కదిలినట్టేనని ఆయన తేల్చారు. గుట్టకింది కాలనీలో బ్లాస్టింగ్ బాధిత గృహాల జాబితా తయారైంది. అందులో ఒకే పేరు ఉంది.

మర్నాడు సమ్మవ్వ కాగితం లేకుండా వచ్చింది. "నీ ఇంటికి నా ఇంటికి నడుమ జానెడు సందు గూడ లేదు. నీది ఊగితె నాది ఊగకుంట ఎట్లుంటది కొడుకా? నేను కోపంగ అడుగుతలేను, తెల్వక అడుగుతున్న."

కోపంగానే అడిగింది. ఆ మాట మీద కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఇకపై కాగితపు అర్జీలు చెల్లవని, కెమెరా నుంచి మెయిల్‌కు కనీసం ముప్పై హెచ్చరికలు వచ్చిన ఇంట్లోనే కదలిక ఉన్నట్టు లెక్క అని, ధనికులకైనా పేదలకైనా ఇదే కొలబద్ద అని తీర్మానించారు. సమ్మవ్వకు కెమెరా లేదు. అది కూడా జగదీశ్వర్ గారే ఆలోచించారు. తన కెమెరాను ఆమెకు దానం చేశారు. ఆమె గుమ్మం ముందు బ్యానరు కట్టారు. కెమెరాకు ఒకవైపు ఆయన, ఒకవైపు ఆమె, వెనక మంచంలో లింగమూర్తి ఉండేలా ఫొటో తీశారు. లింగమూర్తికి దగ్గు ఆగకపోవడంతో ఫొటో నాలుగుసార్లు తీయాల్సి వచ్చింది.

వీరేందర్ పగులు గోడకు ఎదుటి గోడ మీద కెమెరా బిగించాడు. వైఫై మా ఇంటిది. సైరన్ అప్పుడు బటన్ నొక్కే పని నాది. పోయేముందు అతను నన్ను పక్కకు పిలిచి, "కాకా, ముప్పై దినాలు ఆగుతదా గది?" అని మెల్లగా అడిగాడు. తీర్మానంలో ముప్పై అనే ఉందని చెప్పాను.

మొదటి రోజు రెండు పదికి నా ఫోను మోగింది. సమ్మవ్వకు చెప్పాను. ఆమె తలుపు పక్కన బొగ్గు ముక్కతో ఒక గీత గీసింది. పాఠకులు నన్ను క్షమించాలి, ఆ నెల రోజుల్లో నాకు ఆమె లెక్క తప్ప ఇంకేదీ గుర్తులేదు. పన్నెండు గీతలప్పుడు మొదటి వాన పడింది. పద్దెనిమిది గీతలప్పుడు పగుల్లోంచి పక్క ఇంటి గోడ కనబడింది. ఇరవైరెండు గీతలప్పుడు నేను జగదీశ్వర్ గారి దగ్గరికి పోయి, మిగతా ఎనిమిదీ వచ్చినట్టే అనుకుని రాసేద్దామా అని అడిగాను.

"కాకా, రాని అలర్టు వచ్చిందని రాయమంటవా?" అన్నారాయన బాధగా. "ముప్పైమూడేండ్లు సర్వీసు చేసినవ్. నువ్వేనా ఈ మాట అనేది?"

సిగ్గుపడి తిరిగి వచ్చాను. సిగ్గు దేనికో అప్పుడు నాకు స్పష్టంగా తెలియదు. ఇప్పుడు తెలుసు, కానీ దాన్ని ప్రెస్ నోట్‌లో రాయడం కుదరదు.

ఇరవైతొమ్మిది గీతలయ్యాయి. ముప్పైయో గీత రోజున సైరన్ మోగగానే నేనూ సమ్మవ్వా మంచం మోసుకుని రోడ్డు మీదికి తెచ్చాం. లింగమూర్తి కప్పుకున్న దుప్పటి కొసను సమ్మవ్వ మంచం కింద దోపింది. నేను బటన్ నొక్కాను. ఢామ్మంది. నేల ఉలిక్కిపడింది. దాని వెంటే ఇంకో చప్పుడైంది, ఎప్పుడూ వినే చప్పుడు కాదు. ఎర్రటి దుమ్ము లేచింది. నా ఫోను మోగింది.

"వచ్చిందా అన్నా?" సమ్మవ్వ నా ఫోను వైపే చూస్తోంది.

"వచ్చింది."

"ముప్పై అయినయా?"

"అయినయి సమ్మవ్వా."

ఆమె నవ్వింది. నాకు తెలిసి ఆ మూడేళ్లలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. అప్పుడు వెనక్కి తిరిగి ఇల్లు చూసింది. గోడ లేదు. గోడ మీది పెంకులూ దూలమూ, మంచం ఉండే చోట కుప్పగా పడి ఉన్నాయి. ఎదుటి గోడకు కెమెరా మాత్రం ఎర్ర లైటు వెలుగుతూ అలాగే ఉంది.

ముప్పై హెచ్చరికలు పూర్తయ్యాయి కాబట్టి ఆలస్యం జరగలేదు. ఆదివారమే తనిఖీ అధికారి వచ్చారు. జగదీశ్వర్ గారు కొత్త కాలనీలో గృహప్రవేశం పనుల్లో ఉండి కూడా తీరిక చేసుకుని వచ్చారు. అధికారి ఫారం తీసి, పెన్ను తీసి, లోపలికి చూశారు.

"గోడలో పగులు ఉందని అర్జీ. ఏ గోడ?"

"గదే సారు," అంది సమ్మవ్వ కుప్పను చూపించి.

"అది గోడ కాదు కదమ్మా. గోడలు ఎన్ని ఉన్నాయి? మూడు. మూడింట్లో పగులు ఉందా?"

మూడు గోడలూ చూశారు. పగులు లేదు.

"సార్, 'గోడ కూలినది' అని ఒక మాట రాస్తె..." అన్నాను నేను.

"దానికి కాలమ్ లేదు," అన్నారు అధికారి. మర్యాదస్తుడు. ఫారం నా వైపు తిప్పి చూపించారు కూడా. నిజంగానే లేదు.

నాలుగు రోజులకు ఉత్తర్వు వచ్చింది. తనిఖీ సమయంలో సదరు గృహంలోని ఏ గోడలోనూ పగులు కనబడనందున అర్జీ ముగించడమైనదని అందులో ఉంది. జగదీశ్వర్ గారు అది చదివి, గుట్టకింది కాలనీ పగుళ్లు లేని కాలనీ అయిందని, ఇది కమిటీ కృషి ఫలితమని ప్రెస్ నోట్ రాయమన్నారు. రాశాను. తర్వాత ఉత్తర్వు కాపీకి నంబరు వేసి సమ్మవ్వకు ఇవ్వడానికి పోయాను.

లింగమూర్తి మంచం రోడ్డు పక్కన, టార్పాలిన్ పట్టా కింద ఉంది. పొయ్యి కూడా అక్కడే ఉంది. సమ్మవ్వ చదవలేదు, నన్నే చదవమంది. చదివాను. ముట్టినట్టు వేలిముద్ర ఎక్కడ వేయాలో అడిగితే చూపించాను, వేసింది. వేలికున్న సిరాను కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

"ఒక్కటి చెప్పు అన్నా. సైరన్ మోగితె ఇల్లిడిసి బయటికి పోవాలె గద. రేపు మోగితె మేము ఎటు పోవాలె?"

నాకు తెలియక జగదీశ్వర్ గారికి ఫోను చేశాను. ఆ ప్రశ్న కమిటీ పరిధిలోకి రాదని ఆయన తెలియజేయమన్నారు. తెలియజేశాను.